రాకాసిలోయలో రెండు నెలలు

మా బాబాయి బైండు చేయించిన రాకాసిలోయలో రెండు నెలలు లేవు. ఒక నెల చెదలు తిన్నాయి. రెండోది ఎవరో చదివిస్తామని పట్టుకుపోయి మళ్లీ ఇవ్వలేదు. ఆకుపచ్చ కాలికో అట్ట, వీపు మీద పెన్నుతో రాసిన పేరు, లోపల పాత చందమామల్లోంచి జాగ్రత్తగా విప్పి కలిపి కుట్టిన కాగితాలు. పర్చూరుకూ చిలకలూరిపేటకూ మధ్య నల్లరేగడి పల్లెల్లో మాదొకటి. సంక్రాంతి దాటితే మిరపకాయ కల్లానికొచ్చేది. రాత్రిళ్లు బాబాయి కాపలాకు వెళ్తుంటే నేనూ తమ్ముడూ వెంటపడేవాళ్లం. మండె పక్కన పట్టా పరుచుకుని, లాంతరు దగ్గరికి లాక్కుని, ఘాటుకు తుమ్ముతూ చదివేవాళ్లం. ఇప్పటికీ ఆ పేరు వింటే నాకు ముందు ఎండుమిరప కోరు ముక్కుకు తగులుతుంది. కథ ఆ తర్వాతే గుర్తొస్తుంది.

ఆ రెండు నెలల ఖాళీని మేం ఊరికే వదల్లేదు. తమ్ముడి లెక్కలో ఆ మధ్యకాలంలో బ్రహ్మదండి మాంత్రికుడు మా ఊరి చెరువులోంచి మొసలి మీద లేచొచ్చి, కథానాయకుడు కేశవుడితో బేరమాడి, తగువు పెట్టుకుని పోయాడు. నా లెక్కలో కేశవుడికి ఒక అక్క ఉంది. ఆవిడ లేకపోతే ఆ గండం గట్టెక్కేవాడు కాదు. ఎవరి కథ నిజమో తేలక చాలా సాయంత్రాలు జుట్లు పట్టుకున్నాం.

ఈమధ్య ఆ నవల పూర్తి ప్రతి చేతికొచ్చింది. దాంతోపాటు ఒక ప్రశ్న కూడా. చిన్నప్పుడు ప్రాణంగా చదివిన అద్భుతకథను నడివయసులో మళ్లీ తెరిస్తే దేని మీద ప్రేమ తిరిగొస్తుంది? కథ మీదా, రాసినవాడి మీదా, బొమ్మల మీదా, అప్పటి మన మీదా? తెలుగులో ఈ ప్రశ్న వేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. చందమామ అభిమానుల సంభాషణల్లో సగం దీని చుట్టూనే తిరుగుతాయి. సాధారణంగా వచ్చే జవాబులు మూడు. ఆ రోజులే వేరు అనేది ఒకటి. ఆ రచయిత గొప్పవాడు అనేది రెండోది. పెద్దయ్యాక చూస్తే అంతా ఒకే మూస, పిల్లలకు మంత్రాలూ మాయలూ నూరిపోశారు అనేది మూడోది. మూడింటిలోనూ కొంత నిజముంది. నాకు మాత్రం మూడూ అసలు సంగతిని తాకకుండా పక్కనుంచి పోతున్నాయనిపిస్తుంది.

ముందు రాసినవాడి సంగతి. చందమామ 1947 జూలైలో మద్రాసులో మొదలైంది. పెట్టుబడి, అచ్చు బి. నాగిరెడ్డివి. ఆలోచన చక్రపాణిది. ఆయన తెనాలివాడు. 1952లో కొడవటిగంటి కుటుంబరావు వచ్చి కథల బాధ్యత తీసుకున్నారు. ఆయనదీ తెనాలే. అదే ఏడు దాసరి సుబ్రహ్మణ్యం కూడా చేరారు. ఆయన పుట్టింది తెనాలి తాలూకా పల్లెలో, 1932లో. అంటే వడపళనిలో కూర్చుని దేశంలో పన్నెండుకు పైగా భాషల పిల్లలకు కథలు పంపిన ఆ గదిలో ముఖ్యమైన మూడు కుర్చీలు గుంటూరు జిల్లావే. మా ఊరికి చందమామ బస్సు మీద వచ్చేది. దాన్ని రాసినవాళ్లు మా వైపు నుంచే వెళ్లారని మాకెవరూ చెప్పలేదు.

చెప్పే వీలూ లేదు. సీరియల్ మీద రచయిత పేరుండేది కాదు. 1954లో తోకచుక్కతో మొదలుపెట్టి, మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం, రాకాసిలోయ, పాతాళదుర్గం, శిథిలాలయం, రాతిరథం, యక్షపర్వతం, మాయాసరోవరం మీదుగా 1978 నాటి భల్లూక మాంత్రికుడి దాకా పన్నెండు పెద్ద సీరియళ్లు ఈ సుబ్రహ్మణ్యం ఒక్కడే రాశాడన్న సంగతి లక్షలమంది పాఠకుల్లో చాలామందికి, వాళ్లు తాతలయ్యేదాకా తెలియలేదు. ఆయన 2006 దాకా ఆ పత్రికలోనే పనిచేసి, 2010 జనవరిలో విజయవాడలో కన్నుమూశారు. చివరి రోజుల్లో అభిమానులు వెతుక్కుంటూ వెళ్లి పలకరించారు కనుక కొంత నయం. మన సాహిత్య చరిత్రల్లో మాత్రం ఆయనకు దొరికింది, దొరికితే, ఒక వాక్యం.

1954 అన్న సంవత్సరం దగ్గర కొంచెం ఆగాలి. ఇంగ్లండులో టోల్కీన్ లార్డ్ ఆఫ్ ది రింగ్స్ మొదటి సంపుటం వచ్చింది ఆ ఏడు జూలైలోనే. ఆయన అరవై దాటిన ఆక్స్‌ఫర్డ్ ఆచార్యుడు, పన్నెండేళ్లు పట్టి రాశాడు. మనవాడు ఇరవై ఒకటి రెండేళ్ల కుర్రాడు, నెలనెలా ప్రెస్సు వాళ్లు తొందరపెడుతుంటే రాశాడు. రెండింటినీ తూచడం నా ఉద్దేశం కాదు, తూచితే ఏ పళ్లెం దిగుతుందో నాకూ తెలుసు. కానీ ఒకే ఏడు రెండు మూలల ఇద్దరు మనుషులు లేని భూగోళానికి పటం గీయడానికి కూర్చున్నారన్న మాట నన్ను వదలదు. ఒకరి మీద గ్రంథాలయాలు నిండేంత విమర్శ వచ్చింది. ఇంకొకరి మీద రావలసింది ఇంకా రాలేదు.

సుబ్రహ్మణ్యం చేతిలో ఏమేం సరుకులున్నాయి? ఊళ్లలో అప్పటికే తిరుగుతున్నవి చాలా. మధిర సుబ్బన్న దీక్షితులు కాశీమజిలీ కథలు ఇంటింటా ఉండేవి. అరుగుల మీద ఒకరు చదివితే పదిమంది వినేవాళ్లు. మాయల ఫకీరూ బాలనాగమ్మా బుర్రకథల్లో బతికారు. గుంటూరు పక్కన పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్ ఆ కళను దేశమంతా వినేలా చేశాడు. 1951లో విజయావారి పాతాళభైరవి వచ్చి నేపాళ మాంత్రికుణ్ణి ప్రతి పిల్లవాడి నోటా ఆడించింది. ఆ విజయా సంస్థే చందమామకు తోబుట్టువు. వీటికి తోడు అరేబియన్ నైట్స్. ముగ్గురు మాంత్రికుల్లో పింగళుడనే జాలరి, అతని అన్నలు, చెరువు దగ్గరికి ఒకరి తర్వాత ఒకరుగా వచ్చే మాంత్రికులు చదువుతుంటే అందులోని జూదరు కథ ఛాయలు స్పష్టంగా కనిపిస్తాయి. అదేం తప్పు కాదు. కుటుంబరావు అదే పత్రికలో ఒడిస్సీని రూపధరుడి యాత్రలనీ, ఇలియడ్‌ని భువనసుందరి అనీ పేర్లు మార్చి నడిపించారు. ఆ ఇంట్లో అరువు తెచ్చిన బియ్యమైనా మన కుండలోనే వండేవాళ్లు. హోమర్‌ని చదివామని తెలియకుండానే ఒక తరం చదివేసింది.

సరుకు పాతదైనా కట్టడం కొత్తది. కాశీమజిలీలో ఒక కథ కడుపులో ఇంకొకటి, దాని కడుపులో మరొకటి. సుబ్రహ్మణ్యం అవన్నీ విప్పి ఒకే దారి మీద పరిచాడు. ఇద్దరు యువకులు, వాళ్ల ముందొక అడవి. ఖడ్గవర్మా జీవదత్తుడూ, శిఖిముఖీ విక్రమకేసరీ, జయశీలుడూ సిద్ధసాధకుడూ, ధూమకుడూ సోమకుడూ. ఎప్పుడూ జంటలే. ఒకడికి కత్తి, ఇంకొకడికి బుద్ధి. ఒకడు తొందరపడతాడు, రెండోవాడు ఆగమంటాడు. పైగా ఎంత గండంలో ఉన్నా వాళ్ల మాటల్లో ఒక చమత్కారం. రాక్షసుడు ఎదురొస్తే ముందు మర్యాదగా పలకరించి, సంగతేమిటని అడిగి, ఆ తర్వాతే కత్తి దూస్తారు. చిన్నప్పుడు అది నాకు మామూలుగా అనిపించింది. ఇప్పుడు చదివితే నవ్వొస్తుంది, ఆ నవ్వులో రచయిత మీద ఇష్టం పుడుతుంది.

ఇక మూడో జవాబు, మంత్రాలూ మాయలూ నూరిపోశారన్నది. ఇందులో తమాషా ఒకటుంది. కుటుంబరావు మార్క్సిస్టు. సుబ్రహ్మణ్యం సన్నిహితుల్లో హేతువాదిగా పేరున్న మనిషి. వాళ్లు పెరిగిన తెనాలి, త్రిపురనేని రామస్వామి చౌదరి పురాణాలను నిలదీసిన తెనాలి. దేవుణ్ణీ దయ్యాన్నీ నమ్మని మనుషులు కూర్చుని, పిల్లలకు మాంత్రికుల కథలు పాతికేళ్లు రాశారు, దిద్దారు. ఆ సంగతి తెలిశాక సీరియళ్లను మళ్లీ చదివితే ఇంకో రంగు కనిపిస్తుంది. వీటిలో మాంత్రికుడు పూజనీయుడు కాడు. అత్యాశపరుడు, పిరికివాడు, నిధి కోసం తోటి మాంత్రికుడి గొంతు కోసేవాడు. తోకచుక్కలో ఏకాక్షుడూ చతుర్నేత్రుడూ ఒకరి అంతు ఒకరు చూడ్డానికి చేసే యాగీ అంతా ఇంతా కాదు. మంత్రం పనిచేస్తుంది, నిజమే. అయితే చివరికి గట్టెక్కించేది మంత్రం కాదు, కథానాయకుడు సమరసేనుడి ఓర్పూ తెలివీ. దేవుడు ప్రత్యక్షమై కథ ముగించడం దాదాపు ఉండదు. భక్తి ఫలించి వరాలు కురిసే మన పాత కథల సంప్రదాయంలో ఇది చిన్న మార్పు కాదు.

అమెరికా విమర్శకురాలు లారా మిల్లర్ 2008లో నార్నియా కథల మీద ఒక పుస్తకం రాసింది. చిన్నప్పుడు ఆ కథలంటే ఆమెకు ప్రాణం. తర్వాత వాటి వెనక క్రైస్తవ బోధ ఉందని తెలిసి మోసపోయినట్టు కుమిలిపోయింది. చాలా ఏళ్లకు మళ్లీ వాటి దగ్గరికి తిరిగొచ్చి, ఆ బోధకు అందనిదేదో అందులో ఉందని ఒప్పుకుంది. మన అనుభవం దీనికి సరిగ్గా తలకిందులు. మనం గుళ్లూ మంత్రాలూ అనుకుని చదివిన కథల వెనక ఏ బోధా లేదు. పెద్దయ్యాక తెర తీసి చూస్తే అక్కడ ఒక సాదాసీదా హేతువాది కూర్చుని నవ్వుతున్నాడు. ఆమెకు కోపం వచ్చింది. నాకు హాయిగా ఉంది.

అయితే హేతువాది రాశాడు కాబట్టి ప్రేమ అంటే అదీ అబద్ధమే. పదేళ్లప్పుడు నాకు ఆయన పేరే తెలియదు. నన్ను పట్టుకున్నది వేరే. ఆ పన్నెండు పేర్లూ మరోసారి చూడండి. కోట, ద్వీపం, లోయ, దుర్గం, ఆలయం, పర్వతం, సరోవరం. ఏడు పేర్లు చోట్లవే. వీరుడి పేరు ఒక్క సీరియల్‌కీ లేదు. మిగతా భాషల్లో పిల్లల నవలలకు పీటర్ అనో ఆలిస్ అనో పేర్లుంటే, ఈయన చోటును కథానాయకుణ్ణి చేశాడు. కేశవుడు ఎలా ఉంటాడో నేను సరిగా చెప్పలేను. రాకాసిలోయ ఎలా ఉంటుందో మాత్రం కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ లోయలోకి దిగే దారీ, ఆ బండలూ నా లోపల అలాగే ఉన్నాయి.

దీనికి మా నేలతో సంబంధం ఉందని నా అనుమానం. గుంటూరు, ప్రకాశం జిల్లాల మెట్టలో పుట్టినవాళ్లకు తెలుస్తుంది, చూపు ఎంత దూరం పోయినా తగలడానికి ఏమీ ఉండదని. పత్తి చేను, పక్కన మిరప చేను, దాని పక్కన పొగాకు బ్యారను, మళ్లీ పత్తి. లోయ అనే మాటకు అర్థం మాకు నిఘంటువులో తప్ప ఇంకెక్కడా దొరకదు. సరోవరమంటే ఊరి చెరువు, అదీ ఎండాకాలం పగుళ్లిచ్చేది. ఉత్తరపు దిక్కున కొండవీడు మసకగా కనిపిస్తే, అక్కడ రెడ్డిరాజుల కోట ఉందని పెద్దవాళ్లు చూపిస్తే, అదొక్కటే మాకు దిగంతం మీద గీసిన బొమ్మ. అలాంటి చదును మీద పెరిగిన పిల్లకు పర్వతం, ద్వీపం అన్న మాటలే మంత్రాలు. రచయిత కూడా కృష్ణా డెల్టా చదునులోంచి వచ్చినవాడే. లేనిచోట్లను అంత శ్రద్ధగా కట్టింది అవి తనకూ లేనివే కాబట్టేమో.

ఇంకో కాకతాళీయం ఉంది. ఆయన సీరియళ్లు నడిచిన కాలమూ నాగార్జునసాగరం కట్టిన కాలమూ ఒకటే. 1954లో తోకచుక్క మొదలైన ఏడాదే నాగార్జునకొండ లోయలో పెద్దయెత్తున తవ్వకాలు మొదలయ్యాయి. 1955 డిసెంబరు 10న నెహ్రూ ఆనకట్టకు శంకుస్థాపన చేశారు. ఇక్ష్వాకుల రాజధాని విజయపురిని తవ్వి, ఇటుక ఇటుకా లెక్కపెట్టి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ అనుపుకీ తరలించి, మిగతా లోయనంతా నీళ్లకు వదిలేశారు. కొండ కొస ద్వీపమైంది. దాని మీద మ్యూజియం పెట్టారు. లాంచీలో వెళ్లాలి. 1967 ఆగస్టులో కాలువలకు నీళ్లొదిలారు. కుడికాలువ నీళ్లే తర్వాత మా చేలకూ వచ్చాయి, పత్తీ మిరపా ఈ స్థాయికి పెరగడానికి కారణమయ్యాయి. పాతాళదుర్గమూ శిథిలాలయమూ అచ్చయింది ఆ కాలంలోనే. సుబ్రహ్మణ్యం సాగరాన్ని చూసి రాశాడని నేననడం లేదు. అయిదో తరగతిలో బడివాళ్లు విహారయాత్రకు తీసుకెళ్లినప్పుడు, లాంచీ కటకటాలు పట్టుకుని నీళ్లలోకి తొంగి చూస్తూ, కింద ఒక ఊరుందని మాస్టారు చెప్పగానే నాకు ఒళ్లు జలదరించింది. శిథిలాలయం నిజంగా ఉంది, ఉన్నది నీళ్ల కింద. మా ఇంటికి నాలుగు వీధుల అవతల బాబాయి బీరువాలో ఉన్న కథ మా జిల్లాలోనే జరిగినట్టు అనిపించింది. తిరుగు ప్రయాణంలో బస్సులో నేను ఎవరితోనూ మాట్లాడలేదు.

ఈ ప్రేమ పలాయనమే కదా అనేవాళ్లున్నారు. 1987, 88లో మా వైపు తెల్లదోమ పత్తిని తినేసింది. ఎన్నిసార్లు మందు కొట్టినా చావలేదు. ప్రకాశం, గుంటూరు జిల్లాల్లో అప్పులపాలైన రైతులు ఆ మందే తాగారు. అమ్ముడుపోని పత్తి ఇంట్లోనే, పడమటింట్లో దూలాల దాకా. ఆ పత్తి కుప్ప మీద బోర్లా పడుకుని నేను మాయాసరోవరం చదివాను. బయట అరుగు మీద నాన్న, కొట్టు గుమస్తా గొంతులు తగ్గించి మాట్లాడుకుంటున్నారు. నేను పేజీ తిప్పాను. అది పారిపోవడమే. టోల్కీన్ ఈ విషయం మీద ఒక మంచి మాటన్నాడు. జైల్లో ఉన్నవాడు ఇంటిని తలుచుకుంటే తప్పేమిటని, గోడల గురించే మాట్లాడాలని ఎందుకు పట్టుబడతారని ఆయన వాదన. సబబే. కానీ ఇంకోటి కూడా ఉంది. జయశీలుడు ఇంకొక నెలలో ఏదో ఒక దారి వెతుక్కుంటాడన్న నమ్మకం ఆ రోజు ఆ ఇంట్లో నాకు ఒక్కదానికే ఉంది. అది పుస్తకం ఇచ్చిన నమ్మకమే. నాన్నకు ఇవ్వగలిగుంటే బావుండేది.

లోపాలు చెప్పకుండా ప్రేమ గురించి రాస్తే భజన అవుతుంది. వరసగా చదివితే మూస కనిపిస్తుంది, దాచలేం. ఎవరో ఎవరినో ఎత్తుకుపోతారు. వెతకబోయినవాళ్లు ఇంకొకరి చేతికి చిక్కుతారు. వాళ్లను విడిపించినవాడే తర్వాత ద్రోహి అవుతాడు. రెండో సీరియల్‌కే మలుపు ముందే తెలిసిపోతుంది. భాష తేటగా ఉంటుంది, చక్రపాణి పట్టుదల అది. తేటదనం కోసం పాత్రలందరి చేతా ఒకే తెలుగు మాట్లాడించారు. రాజూ రాక్షసుడూ జాలరీ ఒకే గొంతు. మా వైపు యాస ఒక్క మాటా వినపడదు. శిఖిముఖి శబర యువకుడు, నాయకుడిగా అతన్ని నిలబెట్టడం ఆ రోజుల్లో మంచి ఎంపిక. అయినా అడవి మనుషుల గుంపులన్నీ చివరికి బల్లేలు పట్టుకుని కేకలేసే గుంపులుగానే మిగిలాయి.

ఇక ఆడవాళ్లు. కంచుకోటలో కాపాలిని లాంటి మాంత్రికురాలు ఒకరిద్దరు తప్పిస్తే, ఉన్న రాజకుమార్తెలందరూ ఎత్తుకుపోబడటానికే పుట్టారు. ఈ సంగతి పదేళ్లప్పుడు నాకు తెలియదనుకున్నాను. తెలుసు. లేకపోతే కేశవుడికి అక్కను ఎందుకు పుట్టించాను? నా అంతట నేనే ఆ లోపం పట్టుకుని, ఎవరికీ ఫిర్యాదు చేయకుండా, చెదలు తిన్న చోట నా మనిషిని కూర్చోబెట్టుకున్నాను.

నా అసలు వాదన ఇక్కడే ఉంది. మనం ప్రేమించినవి నవలలని ఇప్పుడంటున్నాం. అవి నవలలు కావు. నెలకు కొన్ని పేజీల చొప్పున, ఏళ్ల తరబడి వచ్చిన తుంపులు. ప్రతి తుంపు మొదట్లో జరిగిన కథ నాలుగు వాక్యాల్లో, చివర కత్తి గాల్లో. తర్వాత ముప్పై రోజులు ఖాళీ. కథ రాసింది దాసరి సుబ్రహ్మణ్యమే అయినా ఆ ముప్పై రోజులూ రాసింది పిల్లలు. ప్రతి ఊళ్లో, ప్రతి బడి గోడ మీద కూర్చుని, తర్వాత ఏమవుతుందో పందేలు కాసుకుంటూ. కథ నెలలో ఒక్క గంటదే. మిగతా నెలంతా మన సొంతం. అందుకే ఇప్పుడు మొత్తం పుస్తకాన్ని రెండు రాత్రుల్లో చదివేస్తే ఏదో తగ్గినట్టుంటుంది. మూస కంటపడేదీ అప్పుడే. నెలకోసారి తినమని చేసిన పిండివంటను కుండెడు ఒకేసారి తింటే వెగటు రాదా? అది వండినవాడి తప్పు కాదు.

బొమ్మల పనీ ఆ ఖాళీలోనే. చిత్రా అనే పేరుతో టి.వి. రాఘవన్ వేసిన బొమ్మలు లేకుండా ఈ సీరియళ్లను ఊహించలేం. ఆయన గీత గట్టిది. రాక్షసుడి కండా, కోట తలుపు మీది మేకులూ, ఏనుగు తొండం మీది ముడతలూ పట్టి చూపేది. శంకర్ బేతాళుణ్ణీ వడ్డాది పాపయ్య ముఖచిత్రాల వయ్యారాన్నీ మెచ్చుకునేవాళ్లు చిత్రాను రెండో వరసలో పెడతారు. నేను పెట్టను. నెల పొడుగునా మేం మళ్లీమళ్లీ తెరిచింది ఆయన బొమ్మలనే, కథను కాదు. 1978లో చిత్రా పోయారు. ఆ ఏడు మొదలైన భల్లూక మాంత్రికుడే ఆ వరసలో ఆఖరు సీరియల్ కూడా. ఆ తర్వాత పత్రిక పురాణాల వైపు ఎక్కువ మొగ్గింది, పాత సీరియళ్లనే మళ్లీ వేసుకుంది. బయట బొమ్మరిల్లు, బాలమిత్ర అదే బాణీలో కొన్నాళ్లు నడిచాయి. మధుబాబు జానపద నవలలు అద్దె పుస్తకాల కొట్లలో చేతులు మారాయి. సినిమాలో విఠలాచార్య ఆ పిల్లలనే హాళ్లకు లాగాడు. నాగిరెడ్డి కుటుంబంవాళ్లు చందమామ పేరుతోనే సంస్థ పెట్టి, 1994లో సింగీతం శ్రీనివాసరావు చేత భైరవద్వీపం తీయించారు. పేరులో మళ్లీ ఒక ద్వీపం. చిలకలూరిపేటలో ఆ సినిమా చూస్తుంటే మా బాబాయి పక్కనుంచి, ఇదంతా మనం ఎప్పుడో చదివేశాం అన్నాడు, కొంచెం గర్వంగా, కొంచెం దిగులుగా.

చందమామ 1998లో ఒకసారి ఆగి, మళ్లీ లేచి, 2007లో ముంబై కంపెనీ చేతికి పోయి, ఆ తర్వాత కొన్నేళ్లకే పూర్తిగా నిలిచిపోయింది. హ్యారీ పోటర్ తెలుగులోకి వచ్చినా, మా చుట్టాల పిల్లలు చదివేది ఇంగ్లీషులోనే. వాళ్లను తప్పు పట్టను. వాళ్లు కూడా ఒక చోటునే ప్రేమించారు, ఆ బడినీ ఆ రైలునూ. కాకపోతే ఆ చోట్లలో మన మాటలు లేవు. గుడ్లగూబ వాళ్లకు ఉత్తరాలు తెచ్చే పక్షి. మాకది చతుర్నేత్రుడి పక్షి, ఇంటి దూలం మీద కూస్తే అమ్మ చేట పుచ్చుకుని తరిమే పక్షి కూడా. ఆ రెండూ ఒకటే కావడంలో ఉన్న భయం తర్జుమాకు లొంగదు.

ఇప్పుడు సికింద్రాబాదు మంచి పుస్తకం వాళ్లు ఈ సీరియళ్లను చిత్రా బొమ్మలతో పుస్తకాలుగా వేశారు. మంచి పని. కొన్నవాళ్లలో పిల్లలెందరో, తలలు నెరిసినవాళ్లెందరో నేను ఊహించగలను. తలలు నెరిసినవాళ్ల కోసం వేసిన పిల్లల పుస్తకం అనేది ఒక విచిత్రమైన వస్తువు. అభిమానులు వీటిని మెచ్చుకుంటూ చెప్పే మాటల్లో నాకు నచ్చనిదొకటుంది, ఇవి ఇప్పటి పిల్లలకు ఇస్తే చాలు, పడిచస్తారని. చావరు. ఒకేసారి చేతిలో పెడితే అస్సలు చావరు. నేను మా తమ్ముడి కూతురికి నెలకు ఒక అధ్యాయం చొప్పున ఫోటో తీసి పంపుతున్నాను. మొదటి రెండు నెలలు చూడనైనా లేదు. మూడో నెల ఆలస్యమైతే, అత్తా ఇంకా పంపలేదేం అని మెసేజి పెట్టింది. పరిశోధన అనడానికి ఒక్క పిల్ల సరిపోదు. నా వాదనకు మాత్రం సరిపోయింది.

నేను రాకాసిలోయను రెండు విడతలుగా చదివాను. మా బైండులో లేని ఆ రెండు నెలల దగ్గరికి వచ్చేసరికి అర్ధరాత్రయింది. అక్కడ ఆగి తమ్ముడికి ఫోన్ చేశాను. వాడు గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ కొట్టు నడుపుతాడు. సీజను కదా, ఆ వేళకు ఇంకా లెక్కలు చూసుకుంటూనే ఉన్నాడు. వెనక ఎవరో టిక్కీలు లెక్కపెడుతున్న చప్పుడు.

"ఒరేయ్, ఆ రెండు నెలలూ దొరికాయిరా. ఏం జరిగిందో చదివి చెప్పనా?"

కాసేపు ఏమీ మాట్లాడలేదు. ఎవరితోనో, తాలు వేరే పెట్టమన్నాను గదయ్యా అని కసురుకున్నాడు. తర్వాత మళ్లీ లైన్లోకి వచ్చాడు.

"మొసలి ఉందా?"

"ఇంకా చదవలేదు."

"అయితే చదవకక్కా," అన్నాడు. "నువ్వు చదివినా నాకు చెప్పమాక."